హైవే వద్దు, కాలవ గట్టు పట్టుకోండి

ప్రశ్న: ఈమధ్యే గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల్లోనూ తొక్కే సైకిల్) కొన్నానండి, టైర్ల వెడల్పు 40 ఎంఎం. హైవే మీద లారీల పక్కన తొక్కాలంటే భయమేస్తోంది. ఒక్క పూటలో వెళ్లొచ్చేలా పల్లెటూరి దారులు చెప్తారా? గాలి ఎంత ఉండాలి, పంక్చరైతే ఎలా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: రాజమండ్రిలో ఉండి హైవే ఎందుకండీ! తెల్లారేసరికి ధవళేశ్వరం చేరి బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగండి, అక్కణ్ణించి కాలవ వెంబడే ఆత్రేయపురం వైపు పోతే లొల్ల లాకులు (కాలవ నీళ్లు ఆపి వదిలే తలుపులు) వస్తాయి, అక్కడ కాసేపు సైకిల్ ఆపండి, తలుపుల కిందనించి నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతుంటే చూడ్డానికి ఎంత బావుంటుందో. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పట్నించీ డెల్టాకి ఈ కాలవలే ప్రాణం. నీరు పల్లమెరుగు అంటారు కదా, అందుకే గట్టు మీద మీకు పెద్ద ఎత్తులేం తగలవు, కొత్తగా తొక్కేవాళ్లకి ఇంతకన్నా మంచి దారి నేనైతే చెప్పలేను. పెద్ద కాలవ పక్కన తారు రోడ్డే ఎక్కువ, మీ టైర్లకి అసలు పని పిల్ల కాలవల గట్ల మీదే.

సంక్రాంతి తర్వాత వెళ్లండి, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి చేలన్నీ పచ్చగా ఉంటాయి. మంచు పడుతుంది కాబట్టి ముందూ వెనకా లైట్లు ఉండాల్సిందే. వాన పడిన మర్నాడు మాత్రం మట్టి గట్టు ఎక్కొద్దు, నల్లరేగడి టైరుకి చుట్టుకుపోయి చక్రం తిరగదు. వాడపల్లి వైపు శనివారం అసలు పోవద్దు, వెంకన్న గుడికొచ్చే జనంతో రోడ్డు నిండిపోతుంది.

మీరు 70 కిలోలుంటే, లోపల ట్యూబ్ ఉంటే గాలి 40 పీఎస్ఐ (పంపు మీటరు చూపించే ఒత్తిడి లెక్క) దగ్గర మొదలెట్టండి, మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకి నొక్కుకుని పంక్చరవుతుంది. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో ఐదు తగ్గించొచ్చు, లోపల సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) ఉంటే చిన్న చిన్న తుమ్మ ముళ్లు గుచ్చుకున్నా అదే పూడుకుంటుంది.

పంక్చర్ షాపులు పల్లెల్లోనూ ఉంటాయి కానీ మీ వాల్వ్ సన్నగా ప్రెస్టా రకమైతే మోటార్ సైకిళ్లకి గాలి కొట్టే పైపు దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, చాలా చవక, ఒకటి వాల్వుకే తగిలించి ఉంచేసుకోండి, చేతి పంపు, స్పేర్ ట్యూబ్ కూడా సీటు కింద సంచీలో పెట్టుకోండి.

ఇంకోటి, కోతల టైములో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, దయచేసి దాని మీంచి తొక్కకండి, దిగి పక్కనించి నడిపించుకుపోండి.