అమ్మకు పసుపు కుంకుమ కింద వచ్చిన ఎకరం

“డబ్బు, ఆస్తులు, సామాన్ల వెంట పడితే మనశ్శాంతీ చుట్టరికాలూ నిజంగానే పోతాయా, లేక అది లేనివాళ్లు చెప్పుకునే ఓదార్పా?” అని అడిగారు. చాలాకాలం నేను ఓదార్పే అనుకున్నాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా గుమస్తాను. డబ్బు చేదన్న మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు.

ముందు యార్డు సంగతి ఒకటి. ఫిబ్రవరి నుంచి మే దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా దిగుతాయి. రాత్రంతా వాటి మీదే కునుకు తీసిన రైతుకు, పొద్దున్నే సరుకు క్వింటా 14 వేలకు పోయిందని చెబితే ముఖం విప్పారుతుంది. నాక్కూడా టీ చెప్తాడు. ఆ టీ తాగేలోపు పక్క లాటు 14,600 పలికిందని తెలుస్తుంది. అంతే. అదే 14 వేలు, అదే మనిషి, “మా సరుకేం తక్కువైందయ్యా” అంటూ నా మీద లేస్తాడు. ఏడాదికి ఇలాంటివి వంద చూసి నవ్వుకునేవాణ్ణి. తర్వాత నా లాటు వంతు వచ్చింది.

మా అమ్మ పుట్టిల్లు తుళ్లూరు దగ్గర. పెళ్లప్పుడు తాతయ్య ఎకరం మెట్ట ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. కాగితం లేదు, నోటిమాటే. మామయ్యే సాగు చేసుకునేవాడు. దాన్ని కౌలు అని మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. సంక్రాంతికి మినుములు, కందులు, ఏడాదికి సరిపడా ఎండు మిరపకాయలు, అమ్మకో చీర వచ్చేవి. వేసవి సెలవులు మాకు అక్కడే. ఆ ఎకరం ఖరీదెంతో నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని అసెంబ్లీలో ప్రకటించారు. సంవత్సరం తిరక్కముందే ఆ చుట్టుపక్కల ఎకరం కోటి అనే మాట మొదలైంది. అరండల్‌పేటలో బజ్జీల బండి దగ్గర నిలబడినా గజాల లెక్కే, పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నా గజాల లెక్కే. పక్క కొట్టు గుమస్తా బావమరిది రెండెకరాలు అమ్మి తెల్ల కారు కొన్నాడు. ఆ కారు యార్డు గేటు ముందు ఆగిన రోజు రాత్రి నాకు నిద్ర లేదు. అప్పుడు నా జీతం 13 వేలు. ముందు రోజు దాకా దాంతో ఇల్లు బాగానే గడిచింది. ఆ రాత్రి నుంచి గడవడం మానేసింది.

మామయ్యను అడిగాను. ‘అడిగాను’ అనేది నేను మర్యాదకు వాడుతున్న మాట. ఆయన అన్నం తింటుండగా వెళ్లి, “అమ్మ ఎకరం సంగతి తేల్చండి మామయ్యా” అన్నాను. చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది. “తేల్చడానికి ఏముందిరా, మీదేగా” అన్నాడు. నేను అక్కడితో ఆగితే సరిపోయేది. అమ్మకానికి మనిషిని కూడా చూశానని, వారంలో బయానా ఇస్తాడని చెప్పాను. ఆ మాటకు వాళ్లబ్బాయి, అంటే మా బావ, లోపలి నుంచి వచ్చి “కాగితం ఏది?” అన్నాడు. నేను లాయరు పేరెత్తాను. మూడుసార్లు పెద్దమనుషుల్లో కూర్చున్నాం. చివరికి అరెకరం మాకు, అరెకరం వాళ్లకు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మా మామయ్యా పక్కపక్క కుర్చీల్లో రెండు గంటలు కూర్చున్నారు. అమ్మ తెచ్చుకున్న మంచినీళ్ల సీసా ఆయన వైపు జరిపింది. ఆయన చూడలేదు. ఏమో, చూసి కూడా చూడనట్టు ఉన్నాడేమో.

అరెకరానికి 58 లక్షలు వచ్చాయి. ఇక్కడ మీతో అబద్ధం ఆడను. ఆ డబ్బు మాకు చాలా చేసింది. అద్దె ఇల్లు వదిలి బృందావన్ గార్డెన్స్‌లో ఫ్లాట్ కొన్నాం. 2017లో నాన్నకు గుండెలో రెండు స్టెంట్లు వేయాల్సొస్తే ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. డబ్బు పాపిష్టిదని నా చేత అనిపించాలని చూడకండి, అనను.

కానీ అక్కడ ఆగామా? ఆగలేదు. మిగిలిన దానికి ఇంకో 12 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ఇన్నర్ రింగ్ రోడ్డు అవతల స్థలం కొన్నాను. నెలకు వడ్డీ 24 వేలు, నా జీతం దానికి చాలదు. రెండేళ్లలో రెట్టింపుకు అమ్మేస్తాను కదా అనే లెక్క. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు మాయమయ్యాడు. మా ఆవిడ గాజులు బ్యాంకులో కూర్చున్నాయి. ఆ రోజుల్లో శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి ఇడ్లీ తింటున్నా, ఆ ఇడ్లీ రుచి నాకు గుర్తు లేదు. ఫోన్లో బ్రోకరు మెసేజీ కోసమే చూస్తుండేవాణ్ణి.

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. ఈ ఇడ్లీ సంగతి చెప్తే నవ్వి, 1978లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన గురించి చెప్పింది. బ్రిక్‌మన్ అనే ఆయనా, తోటివాళ్లూ లాటరీలో పెద్ద మొత్తం తగిలిన 22 మందిని, ఏమీ తగలని 22 మందితో పోల్చి చూశారట. సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా టిఫిన్ తినడం, స్నేహితుడితో కబుర్లు, ఒక జోకు వినడం లాంటి చిన్న చిన్న వాటిలో లాటరీ తగిలినవాళ్లకు దక్కే ఆనందమే తక్కువట. 22 మందితో ఏం తేలుతుందే అన్నాను. గుమస్తా బుద్ధి, శాంపిల్ చిన్నదైతే ధర ఒప్పుకోను. అప్పుడు ఇంకోటి చెప్పింది. ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం ఇక పెరగదని కానెమన్, డీటన్ 2010లో రాశారు. కిల్లింగ్స్‌వర్త్ అనే ఆయన 2021లో కాదు, పెరుగుతూనే ఉందన్నాడు. పోట్లాడుకోకుండా ఆ కానెమనూ ఈయనా మరొకావిడతో కలిసి కూర్చుని లెక్కలు మళ్లీ చూశారు. 2023లో తేల్చింది ఏమిటంటే, చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే పోతుంది. కానీ అందరికంటే దిగులుగా ఉండే ఓ 20 శాతం మందికి మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు ఏమీ చేయలేదు. విన్నాక నాకు ముందు తోచింది ఇది: భూమి విషయంలో విభేదించిన రెండు వర్గాలు ఇలా ఒక బల్ల దగ్గర కూర్చోవడం మా వైపు ఎప్పుడైనా చూశామా అని.

మీ ప్రశ్నలో ‘చుట్టరికాలు’ అన్నారు చూశారూ, నాకు అసలు పోయింది అక్కడ. పోట్లాటతో కాదు, కాగితంతో. ఇంతకుముందు మా వాళ్లలో యాభై వేలు చేబదులు అంటే ఫోన్ చేసి అడిగేవాళ్లం, మిర్చి అమ్మగానే తిరిగొచ్చేది. ధరలు లేచాక తోడబుట్టినవాళ్ల మధ్య కూడా ప్రామిసరీ నోటు వచ్చింది. నోటు రాయించుకున్నవాడిది తప్పు కాదు, నిజానికి తెలివైన పనే. కాకపోతే నోటు రాసిచ్చిన ఇంటికి మళ్లీ ఊరికే టీ తాగడానికి వెళ్లం. వెళితే అడగడానికి వచ్చాడనుకుంటారు. అలా మా ఇంటికి రావడం ఆగిన గడపలు నాలుగున్నాయి, నేను ఎక్కడం మానేసినవి ఐదు.

2021 మేలో కరోనాతో నాన్న పోయాడు. పదో రోజు అమ్మకు పుట్టింటి చీర పెట్టాలి. ఏడేళ్లుగా మాటల్లేవు, ఎవరొస్తారు? మా ఆవిడ రహస్యంగా ఒక చీర కొని ఉంచింది, ఎవరూ రాకపోతే పరువు పోకుండా. పన్నెండింటికి మామయ్య వచ్చాడు. మాస్కు పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి, కవరు మా అమ్మాయి చేతికిచ్చి, నా వైపు చూడకుండా ఆటో ఎక్కాడు. మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు. పుచ్చుకోమని అడిగే ధైర్యం నాకూ లేదు.

ఇక సామాన్ల సంగతి. మామయ్య కూతురు విజయవాడ సింగ్ నగర్‌లో, కింది వాటాలో ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు వాగు పొంగి వచ్చి పడింది. నీళ్లు తీశాక తాగునీళ్ల డబ్బాలతో వెళ్లాను. వీధి పొడుగునా సోఫాలు, పరుపులు, వాషింగ్ మెషీన్లు బురదలో గుట్టలు. ఎవరిది ఖరీదైన ఫ్రిజ్జో ఎవరిది పాతదో తెలియదు, అన్నీ ఒకే రంగు. మా మరదలు చీపురు పట్టుకుని బయట నిలబడి ఉంది. పదేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట: “బావా, ఆ ఫ్రిజ్జుకు ఇంకా ఆరు వాయిదాలున్నాయి.” ఇద్దరం నవ్వాం. సాయంత్రం దాకా బురద తోడాను. బురద మోకాలి దాకా ఉంది, వాసన వర్ణించలేను.

నాలాంటి వాటా మీకూ ఎక్కడైనా ఉంటే, పొలం చవగ్గా ఉన్నప్పుడే కాగితం రాయించుకోండి. లక్ష ఖరీదున్న రోజు అడిగితే అది లెక్క, కోటి ఖరీదున్న రోజు అడిగితే అనుమానం. మేం ఆ లక్ష రోజుల్లో ముప్పై ఏళ్లు గడిపి, ఒక్కసారి కూడా అడగలేదు.

మామయ్య తన మిగతా పొలం రాజధాని కోసం ప్రభుత్వం చేసిన భూసమీకరణకు ఇచ్చాడు. మెట్ట కాబట్టి ఎకరానికి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ల కౌలు లెక్క. 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాక నా స్థలానికీ ఫోన్లు వస్తున్నాయి. ఈ సంక్రాంతికి మా మరదలు భర్త బండి మీద ఒక గోనె సంచి దింపి వెళ్లాడు. మినుములు. మామయ్యకు ఇప్పుడు సాగు లేదు, అంటే కొని పంపినవే. అమ్మ వాటిని పప్పుకు పోయలేదు. సంచి మూతి విప్పి, రోజూ ఒకసారి చెయ్యి పెట్టి చూసి, మళ్లీ కడుతోంది.