పెట్రి డిష్ మూత తీయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ప్రాజెక్టు కోసం నా సెల్‌ఫోన్ మీద, తలుపు గొళ్ళెం మీద దూదిపుల్లతో రుద్ది, దాన్ని అగార్ ప్లేట్ల మీద (సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ పోసిన మూత గిన్నెలు, వీటినే పెట్రి డిష్‌లంటారు) గీశాడు. ఐదు రోజులకు పసుపు, తెలుపు చుక్కలు లేచాయి, ఒకదాంట్లో నల్లటి బూజు కూడా పట్టింది. ఇప్పుడు మూత తీసి మైక్రోస్కోప్‌లో చూస్తానంటాడు. మా ఆవిడేమో వెంటనే చెత్తబుట్టలో పడేయమంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దండీ. మూత తీయకూడదు, అలాగని ఉన్నపళంగా చెత్తలో వేయనూ కూడదు.

రోజూ పట్టుకునే ఫోన్ మీది సూక్ష్మజీవులే కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ఫోన్ మీద అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్నవి ఇప్పుడు తిండి దొరికి, ఒక్కో చుక్కలో లక్షలూ కోట్లూ అయి కూర్చున్నాయి. అందులో ఏది మంచిదో ఏది చెడ్డదో రంగు చూసి చెప్పడం మైక్రోబయాలజీ చదివినవాళ్ళకీ కుదరదు. ఇక బూజు సంగతంటారా, మూత ఎత్తితే వచ్చే ఆ కాస్త గాలికే దాని స్పోర్లు (విత్తనాల్లాంటి సన్నటి కణాలు) లేచి ముక్కులోకి పోతాయి, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే మరీ ఇబ్బంది. బాబుకి భూతద్దం ఇవ్వండి, మూత మీంచే చూసుకుంటాడు, ఫోటోలూ తీసుకుంటాడు. 1887లో పెట్రి అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ గిన్నెకు మూత తగిలించింది కూడా గాలిలోని క్రిములు లోపల పడకుండా, మూత తీయకుండానే లోపలిది చూసేందుకు.

పెరిగేటప్పుడు రెండు టేపు ముక్కలు అతికిస్తే చాలు, పూర్తిగా మూసేస్తే గాలి ఆడక, ఆక్సిజన్ అక్కర్లేని రకాలకు అదను దొరుకుతుంది. ఇప్పుడు పెరగడం అయిపోయింది కాబట్టి చుట్టూ టేపు వేసేయండి.

పారేసే రోజున ఒక బకెట్‌లో 1 వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 9 వంతుల చన్నీళ్ళు కలపండి, నిన్న కలిపింది పనికిరాదు. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. గ్లవ్స్, కళ్ళజోడు పెట్టుకుని, కిటికీలు తెరిచి, ప్లేటును పూర్తిగా ముంచి, టేపు కోసి మూతను నీళ్ళ అడుగునే పక్కకు జరపండి. బుడగలన్నీ పోయి అగార్ అంతా తడవాలి, పైకి తేలితే ఏదైనా బరువు పెట్టండి. రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున కవర్లో కట్టి చెత్తలో వేయొచ్చు. దూదిపుల్లలూ ఆ బకెట్‌లోనే నానబెట్టి పారేయండి. ఒక్క మాట, ఆ బకెట్‌లో టాయిలెట్ క్లీనింగ్ యాసిడ్ చుక్క కూడా పడకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది, అది మీ బ్యాక్టీరియా కన్నా ప్రమాదం.

కొందరు ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన దాస్తారు, దయచేసి వద్దు. శానిటైజర్ కొట్టి వదిలేయడమూ చాలదు, కొన్ని బ్యాక్టీరియా తయారుచేసుకునే గట్టి స్పోర్లను అది చంపలేదు.

మళ్ళీ చేస్తానంటే చేయనివ్వండి, కానీ 37 డిగ్రీల దగ్గర పెట్టొద్దు, అది మన ఒంటి వేడి, మనకు జబ్బు తెచ్చేవాటికి సరిగ్గా నప్పుతుంది. 25 దాటకుండా చూసుకోండి, కాస్త ఆలస్యమైతే అయింది. గొంతు, ముక్కు, పుండు, టాయిలెట్ జోలికి మాత్రం దూదిపుల్ల పోనివ్వకండి.