కొత్త తూకం కనబడాలి, పైకి జరిపితే లాగేయకూడదు

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణానికి సీ షార్ప్, విన్‌ఫార్మ్స్‌తో తూకాల ప్రోగ్రాం రాస్తున్నాను. ఎలక్ట్రానిక్ కాంటా నుంచి సీరియల్ పోర్టు ద్వారా ఒక్కో మిర్చి బస్తా బరువు, తెర మీద జాబితా చూపే పెట్టె అయిన లిస్ట్‌బాక్స్‌లో చేరుతుంది. పెట్టె నిండాక కొత్త బరువులు కనబడడం లేదు. ఎంచుకున్న వరుస నంబరైన సెలెక్టెడ్ ఇండెక్స్‌ను చివరి వరుసకు పెడితే కనబడుతున్నాయి గానీ, గుమస్తా పాత బస్తా చూద్దామని పైకి జరిపితే మళ్లీ కిందికి లాగేస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సెలెక్టెడ్ ఇండెక్స్ జోలికి పోకండి. దాన్ని మార్చినప్పుడల్లా సెలెక్టెడ్ ఇండెక్స్ ఛేంజ్డ్ ఈవెంట్ కూడా నడుస్తుంది, గుమస్తా ఎంచుకున్న బస్తా పోతుంది. జరపడానికి టాప్ ఇండెక్స్ ఉంది. పెట్టెలో అన్నిటికన్నా పైన కనబడే వరుస నంబరది. వరుస చేర్చాక ఐటమ్స్ కౌంట్‌లోంచి 1 తీసేసి దానికి ఇస్తే, జాబితా చివరికి వచ్చి ఆగుతుంది.

ఇక గుమస్తా అడుగున ఉన్నాడా, పైకి వెళ్లాడా అన్నది వరుస చేర్చకముందే చూడాలి. క్లయింట్ సైజ్ ఎత్తును ఐటమ్ హైట్‌తో భాగించండి. ఎత్తు 260, వరుస 13 పిక్సెళ్లయితే పెట్టెలో 20 వరుసలు పడతాయి. టాప్ ఇండెక్స్‌కు ఆ 20 కలపండి. వచ్చినది మొత్తం వరుసల సంఖ్యకు సమానమైనా, దాన్ని మించినా గుమస్తా అడుగున ఉన్నట్టు. మొత్తం 85 వరుసలున్నప్పుడు టాప్ ఇండెక్స్ 65 అయితే అడుగునే ఉన్నాడు. 40 అయితే పైన ఏదో చూస్తున్నాడు, కదపొద్దు. ఈ ఫలితాన్ని, నిజమా కాదా అన్నది మాత్రమే పట్టే బూలియన్‌లో దాచి, వరుస చేర్చి, నిజమైతేనే జరపండి. చేర్చాక లెక్కేస్తే కౌంట్ 86 అవుతుంది, అడుగున ఉన్నా లేనట్టే తేలుతుంది. ఆటో స్క్రోల్ పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఈ పనుల క్రమం తప్పడమే ముందు చూడాల్సింది.

సీరియల్ పోర్టు డేటా రిసీవ్డ్ ఈవెంట్ వేరే థ్రెడ్‌లో వస్తుంది. అక్కడి నుంచి లిస్ట్‌బాక్స్‌ను నేరుగా ముట్టుకోకుండా, పై పనంతా, దాన్ని ఫారం థ్రెడ్‌కు అప్పగించే బిగిన్ ఇన్వోక్‌లో పెట్టండి. ఆ పని అయ్యేదాకా ఆగే ఉత్త ఇన్వోక్ వాడితే, ఫారం మూసేటప్పుడు పోర్టు క్లోజ్ దగ్గర రెండు థ్రెడ్లూ ఒకదాని కోసం ఒకటి ఆగి ప్రోగ్రాం బిగుసుకుపోవచ్చు.

మిర్చి సీజన్‌లో జాబితా పొడవు పెరుగుతుంది కాబట్టి పాత వరుసలు తీసేస్తారు. 0వ వరుస తీసేముందు టాప్ ఇండెక్స్ గుర్తుపెట్టుకొని, తీశాక 1 తగ్గించి తిరిగి ఇవ్వండి. అది 0 అయితే అలాగే ఉంచండి. లేకపోతే గుమస్తా చూస్తున్న బస్తా కళ్ల ముందే జరిగిపోతుంది.

బరువు, లాటు నంబరు వేర్వేరు నిలువు వరుసల్లో కావాలంటే లిస్ట్‌వ్యూ మేలు. అందులో చివరి వరుస నంబరుతో ఎన్ష్యూర్ విజిబుల్ పిలిస్తే సరిపోతుంది.