గుంటగలగరా, గడ్డి చామంతా?

ప్రశ్న: మా ప్రహరీ గోడ పక్కన తెల్లపూల గుంటగలగర విపరీతంగా మొలిచింది. పొడవాటి కాడ చివర ఒక్కటే పువ్వు, మధ్యలో పసుపు. ఆకు దంచి కొబ్బరినూనెలో కాస్తే నూనె నల్లబడలేదు. ఆకు ముదిరిపోయిందంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముదరడం కాదండీ, మొక్కే వేరు. మీరు చెప్పినవన్నీ గడ్డి చామంతి (ట్రైడాక్స్) గుర్తులు. అలాగని నూనె రంగును పరీక్షగా పెట్టుకోకండి. కాచిన తీరును బట్టి అసలైన గుంటగలగర నూనె కూడా పచ్చగానే ఉండిపోవచ్చు.

ముందు పూకాడ చూడండి. గడ్డి చామంతి కాడ జానెడు ఉంటుంది, ఒక్కోసారి అడుగు దాకా సాగుతుంది. గుంటగలగర పూలు ఆకు పంగలో, మహా అయితే నాలుగైదు సెంటీమీటర్ల కాడ మీద ఒకటో రెండో పూస్తాయి. గడ్డి చామంతికి చుట్టూ ఐదారు వెడల్పాటి మీగడ రంగు రేకులే, ఒక్కోదాని కొస మూడుగా చీలి ఉంటుంది. గుంటగలగర పువ్వు సెంటీమీటరుకు అటూ ఇటూ. దారపు పోగుల్లాంటి తెల్లరేకులు కిక్కిరిసి ఉంటాయి, నడిమి బొడ్డూ తెల్లగానే ఉంటుంది.

చాలామంది ఆకు దగ్గర పొరబడతారు. రెంటికీ ఆకులు ఎదురెదురుగానే వస్తాయి, రెండూ గరుకే. అయితే గుంటగలగర ఆకు సన్నగా, పొడుగ్గా, దాదాపు తొడిమ లేకుండా కాండానికి అంటుకుని ఉంటుంది. గడ్డి చామంతి ఆకుకు చిన్న తొడిమ, అంచున లోతైన రంపపు పళ్లు ఉంటాయి.

అప్పటికీ అనుమానం తీరకపోతే నాలుగు పచ్చి ఆకులు అరచేతిలో నలిపి కొద్ది నిమిషాలు ఆగండి. గుంటగలగర పసరు గాలి తగిలి నల్లబడుతుంది. వాడిన ఆకుతో ఈ పరీక్ష చేయొద్దు, తేలదు. గింజలు దొరికితే ఇంకా సులువు: గడ్డి చామంతి గింజకు నూగు ఉండి గాలికి ఎగిరిపోతుంది, గుంటగలగర గింజకు ఆ నూగు ఉండదు.

గుంటగలగర కావాలంటే తడి ఉన్నచోట వెతకండి: వరిగట్లు, కాలవ ఒడ్లు. కలుపుమందు కొట్టిన గట్ల జోలికి మాత్రం పోవద్దు. పూత లేనప్పుడు అక్కడే ఉండే పొన్నగంటితోనూ పొరబడతారు, కానీ పొన్నగంటి ఆకు నున్నన, గుంటగలగర గరుకు.

ప్రశ్న: నర్సరీలో పచ్చపూల గుంటగలగర అని ఒక తీగ ఇచ్చారు. నిజంగా అదేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆకు మూడు తమ్మెలుగా చీలి, దళసరిగా, నిగనిగలాడుతుంటే కాదు. అది రోడ్డు డివైడర్ల మీద నేల కప్పడానికి పెంచే అమెరికా జాతి. కణుపు కణుపుకూ వేరు తన్ని పాకుతుంది, కాబట్టి కుండీలోంచి దింపకండి. పచ్చపూల గుంటగలగర ఆకు సన్నగా, తమ్మెలు లేకుండా ఉంటుంది. రెండూ స్ఫాగ్నెటికోలా ప్రజాతివే, పూలు పసుపే. అందుకే అమ్మేవాళ్లకూ తికమక.

ప్రశ్న: సహదేవి అని పీకి తెచ్చిన ఊదాపూల మొక్కల్లో రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఏది సహదేవి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఆకుల వరస చూడండి. సహదేవికి ఒక కణుపు దగ్గర ఒకే ఆకు. ఎదురెదురుగా రెండేసి ఆకులుండి, నలిపితే ఘాటు వాసన వస్తే అది అజెరేటం. మూడోది, ఎమీలియా కూడా కలిసి ఉండొచ్చు. దానికి పై ఆకుల మొదలు కాండాన్ని చుట్టి పట్టుకుంటుంది, పూమొగ్గ కింది పచ్చ రక్షక పత్రాలు ఒకే వరసలో ఉంటాయి. సహదేవికి అవి ఒకదానిమీద ఒకటి నాలుగైదు వరసలు.