నాకు శనివారం, ఆ చెల్లికి బుధవారం

ప్రశ్న: "నాకు 27 ఏళ్లు. క్రైస్తవ కుటుంబం, హైదరాబాదులో ఉద్యోగం. ప్రస్తుతం ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడుతున్నాను. ఒకరు మా సంఘంలోనివారే, మరొకరు పెళ్లి సంబంధాల వెబ్‌సైటులో పరిచయమయ్యారు. ఇద్దరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఇది వ్యభిచారంతో సమానమని మా సంఘపెద్ద అంటున్నారు. పెళ్లికి ముందు ఒకరికంటే ఎక్కువ మందితో పరిచయం పెంచుకోవడం క్రైస్తవులకు పాపమా?"

మీ సంఘపెద్ద తొందరపడ్డారనే నా అభిప్రాయం. వ్యభిచారం చాలా బరువైన మాట, దాన్ని ఫోను సంభాషణలకు అంటగట్టకూడదు. అయితే మీ ప్రశ్నలో నాకు ఒక లోటు కనిపించింది. మీ వయసు రాశారు, ఉద్యోగం రాశారు, మాట ఇవ్వలేదని రాశారు. ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసో లేదో రాయలేదు. నేను ఒకప్పుడు అలాంటి ఇద్దరిలో ఒకదాన్ని. అందుకే జవాబు రాస్తున్నాను.

2009 జనవరి, రెండవ శనివారం. క్రిస్మస్‌కు వండిన అరిసెలు డబ్బాలో అడుగున ఇంకా మిగిలి ఉన్నాయి. మాది కోస్తాలో పాత మిషను సంఘం ఉన్న ఊరు. నాకు అప్పుడు 24 ఏళ్లు, బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఆదివారం గుడిలో పాటల బృందంలో నిలబడేదాన్ని. నన్ను చూసుకోవడానికి అబ్బాయి, తల్లిదండ్రులు, మేనత్త, వాళ్ల ఊరి అయ్యగారు (పాస్టరు) కలిసి కారులో వచ్చారు. అయ్యగారు ప్రార్థనతో మొదలుపెట్టారు. ఇస్సాకు కోసం రిబ్కాను చూపించిన దేవా, ఈ ఇంటిలోనూ నీ చిత్తం చూపించు అని ప్రార్థించారు. తరువాత నన్ను ఒక కీర్తన పాడమన్నారు. రెండు చరణాలు పాడాను. అబ్బాయి తల వంచుకుని విన్నాడు. వెళ్లేటప్పుడు ఆయన తండ్రి మా నాన్న చేతులు పట్టుకుని, "అమ్మాయి మాకు నచ్చింది అన్నయ్యగారూ, ప్రార్థించి చెబుతాం" అన్నారు.

ఆ తరువాతి శనివారం రాత్రి తొమ్మిది గంటలకు అబ్బాయి ఫోను చేశాడు. మా నాన్నను అడిగి, ఆయన సరేనన్నాకే నాతో మాట్లాడాడు. ఆ మర్యాద నాకు నచ్చింది. ప్రతి శనివారం తొమ్మిదికి ఫోను మోగేది. ఏ వాక్యం చదువుకున్నామో, బడిలో ఏమి జరిగిందో చెప్పుకునేవాళ్లం. ఒక్క అసభ్యమైన మాట లేదు. ఈస్టరుకు ముందు ఉపవాస దినాలైన లెంటు కాలంలో మా సంఘాల్లో పెళ్లిళ్లు చేయరు కాబట్టి ఈస్టరు తరువాత చెబుతాం అన్నారు. ఆ ఏడాది ఈస్టరు ఏప్రిల్ 12న వచ్చింది, వెళ్లింది. ఇంకా ప్రార్థిస్తున్నాం అన్నారు. మే నెలలో తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయుడి సంబంధం వస్తే, ఇంట్లో అడుగు పెట్టనివ్వవద్దని నేనే అమ్మతో చెప్పాను. ఒకరు మన కోసం ప్రార్థిస్తుండగా ఇంకొకరి ముందు కూర్చోవడం తప్పు అనిపించింది. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అక్టోబరు 11, ఆదివారం. ప్రసంగం అయింది, కానుకలు పట్టారు, అయ్యగారు ప్రకటనలు చదువుతున్నారు. స్త్రీల సమాజం కూడిక, సండేస్కూలు పరీక్షలు, ఆ తరువాత, పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదివే పెళ్లి ప్రకటన. వరుడి పేరు, తండ్రి పేరు, ఊరు చదివారు. అతనే. నా చేతిలోని కీర్తనల పుస్తకం మూయడం కూడా మరిచిపోయాను. ఒక్క క్షణం, నాన్న నాకు చెప్పకుండా ఖాయం చేశారేమో అనుకుని సంతోషించాను కూడా. తరువాత వధువు పేరు చదివారు. మా సంఘంలోని అమ్మాయే. నాతోపాటు సండేస్కూలులో చిన్నపిల్లల తరగతి చెప్పే చెల్లి. "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన" అని అయ్యగారు ముగించారు. వెంటనే ముగింపు కీర్తన పాడాలి. పాడాను.

సోమవారం సాయంత్రం ఆ చెల్లి మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ముఖం చూసి ఎవరో ఆమెకు సంగతి చెప్పేశారట. అరుగు మీద కూర్చుని లెక్క చూసుకున్నాం. జూన్ నుంచి ఆమెతో కూడా మాట్లాడుతున్నాడు. ఆమెకు బుధవారం, నాకు శనివారం. వేళ మాత్రం ఒకటే, తొమ్మిది గంటలు. నాకు చివరి ఫోను సెప్టెంబరు చివరి శనివారం వచ్చింది. అప్పటికే వాళ్లింట్లో ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, చీర కొన్నారు. "నువ్వు అభ్యంతరం చెబుతావా అక్కా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది.

రాత్రంతా ఆలోచించి, తెల్లవారాక అయ్యగారి దగ్గరకు వెళ్లాను. ఆయన మంచి మనిషి. పూర్తిగా విన్నారు. చివరికి, "ప్రధానం కాలేదు కదమ్మా" అన్నారు. నిజమే. అభ్యంతరం అంటే ఇదివరకే పెళ్లయి ఉండటం, వయసు చాలకపోవడం, చేసుకోకూడని వరుస కావడం. నాకు జరిగినది ఆ జాబితాలో ఎక్కడా లేదు. కానీ ఆ చెల్లి ఊరుకోలేదు. అతను మా ఇంటికి వచ్చి నాతో చెబితేనే రెండో ప్రకటన చదవనిస్తానని వాళ్ల నాన్నతో తేల్చి చెప్పింది. శుక్రవారం అతను తండ్రితో వచ్చాడు. తండ్రే మాట్లాడారు. "మేము మీకు మాట ఇవ్వలేదు, ప్రార్థించి చెబుతామనే కదా అన్నాం" అన్నారు. అతను మా నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. జనవరిలో కీర్తన వింటూ వంచుకున్నట్టే తల వంచుకున్నాడు. నవంబరులో పెళ్లి జరిగింది. పాటల బృందంలో నేనూ ఉన్నాను, ఆ చెల్లి అడిగింది కాబట్టి.

ఇప్పుడు మీ ప్రశ్న. ఈనాటి పరిచయాల వంటివి బైబిలులో లేవు కాబట్టి వాక్యం ఏమీ చెప్పదని కొందరంటారు. నేను ఒప్పుకోను. రూతు గ్రంథం మూడు, నాలుగు అధ్యాయాలు చదవండి. భర్త చనిపోయిన రూతు బోయజు దగ్గరకు వెళ్లినప్పుడు, దగ్గరి బంధువులుగా ఆమెను చేసుకునే హక్కు ఇద్దరికి ఉంది. బోయజు ఆ రాత్రే ఆమెతో, నాకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు అని చెప్పేశాడు. తెల్లవారగానే ఊరి గవిని (ద్వారం) దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, ఆ రెండో మనిషిని పిలిచి, అందరి ఎదుట తేల్చుకున్నాడు. బోయజు ఈ దినమే సంగతి ముగించకపోతే ఊరుకోడు అని అత్త నయోమి అప్పటికే రూతుతో అంది. ఇద్దరు ఉన్నారు, కానీ చీకటి లేదు, ఆలస్యమూ లేదు.

మా ఇంట్లో ప్రార్థనకు వాడుకున్న ఆ రిబ్కా కథనే చూడండి, ఆదికాండం 24. యజమాని కొడుకు ఇస్సాకుకు పెళ్లికూతురిని వెతుకుతూ వెళ్లిన అబ్రాహాము సేవకుడు తాను వచ్చిన పని చెప్పేదాకా భోజనం ముట్టలేదు. మీకు ఇష్టమైతే చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి, నేను కుడివైపో ఎడమవైపో వెళ్తాను అన్నాడు. పదిరోజులు ఆగమంటే కూడా ఆగలేదు. మన సంబంధాల ప్రార్థనల్లో రిబ్కా పేరు వస్తుంది, ఆ సేవకుడి తీరు మాత్రం రాదు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలని ప్రభువు చెప్పినది పెళ్లి సంబంధాలకు వర్తించదని ఎవరు చెప్పారు? ఈ విషయంలో సహోదరుణ్ణి మోసం చేయవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాసింది కూడా పవిత్రత గురించి చెబుతున్న చోటే.

మీ సంఘపెద్ద గారు ప్రధానానికి ముందున్న కాలాన్ని, తరువాతి కాలాన్ని కలిపేశారనిపిస్తుంది. యూదులలో ప్రధానం అంటే దాదాపు పెళ్లే. అందుకే యోసేపు మరియను రహస్యంగా విడనాడాలనుకున్నాడని మత్తయి రాశాడు, ఇంకా కాపురం మొదలుకాకపోయినా. ఆ గీత దాటాక ఇంకొకరి వైపు చూడటం ద్రోహమే. గీతకు ముందు ఇద్దరిని తెలుసుకోవడం ద్రోహం అనడానికి నాకు వాక్యంలో ఆధారం కనిపించదు.

క్రైస్తవులందరిదీ ఈ విషయంలో ఒకటే మాట కూడా కాదు. అమెరికాలో 1997లో జాషువా హారిస్ అనే యువకుడు, పెళ్లి ఉద్దేశం లేని పరిచయాలన్నీ మానేయాలని ఒక పుస్తకం రాశాడు. అది అక్కడి యువతను ఊపేసింది. 2018లో ఆయనే ఆ పుస్తకం వల్ల కొందరు గాయపడ్డారని ఒప్పుకుని, దాని ముద్రణ ఆపించాడు. మార్మన్లు అని పిలిచే లేటర్ డే సెయింట్స్ వాళ్లు 2011లో తమ యువతకు ఇచ్చిన సూచనలు దీనికి పూర్తిగా ఎదురు: పదహారేళ్లు నిండేదాకా వద్దు, ఆ తరువాత కూడా ఒకే వ్యక్తితో మాటిమాటికీ వెళ్లవద్దు, గుంపుగా వెళ్లండి అన్నారు. చిన్న వయసులో ఒక్కరికే అతుక్కుపోవడమే ప్రమాదమని వాళ్ల భయం. మా తమ్ముడు డాలస్‌లో ఉన్నప్పుడు అక్కడి సంఘ యువత పద్ధతి చెప్పాడు. మొదటి నాలుగైదు కలయికలకు ఎవరికీ ఎవరి మీదా హక్కు ఉండదు. తరువాత ఒకరోజు ఇద్దరూ కూర్చుని, ఇక నుంచి మనమిద్దరమే అని నోటితో చెప్పుకుంటారు. అది విన్నప్పుడు నాకు అసూయ కలిగింది. తొమ్మిది నెలల్లో నాకు అలాంటి ఒక్క వాక్యం దొరకలేదు.

మన సంఘాల మీద నాకున్న అసలు బాధ ఇక్కడ చెప్పాలి. ఒక అబ్బాయి ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడితే వ్యభిచారం అంటారు. అదే అబ్బాయి తల్లిదండ్రులు ఒకే నెలలో ఆరిళ్లకు వెళ్లి, ఆరుగురు ఆడపిల్లల చేత పాటలు పాడించుకుని, అన్నిచోట్లా ప్రార్థించి చెబుతాం అని వస్తే దాన్ని జాగ్రత్త అంటారు. మా విషయంలో ఆలస్యం దేనికో తరువాత తెలిసింది. దానికీ ప్రార్థనకూ సంబంధం లేదు. కట్నం అనే మాట వాడరు, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం అంటారు, ఏ ఇంట్లో ఆ ఇష్టం పెద్దదో చూసి అక్కడ దేవుని చిత్తం ఉందంటారు. 1961 నుంచి చట్టం ఉంది. సంఘంలో ఆ చట్టం పేరు ఎత్తిన ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. క్రీస్తులో యూదుడని గ్రీసు దేశస్థుడని లేదని గలతీయులకు పౌలు రాసిన పత్రిక నుంచి బోధిస్తాం, క్రైస్తవ సంబంధాల ప్రకటనలో పేరు తరువాతి మాట కులం. పవిత్రత మీద యువజన కూటాల్లో నేను విన్న ప్రసంగాలన్నీ అమ్మాయిల వైపు తిరిగి చెప్పినవే, చేతులు మారిన పువ్వు వాడిపోతుంది అని. చేతులు మార్చేవారి వైపు ఎవరూ తిరగరు.

పెళ్లిని గుడిలో ముందుగా ప్రకటించాలన్న నియమం 1215లో రోములో క్రైస్తవ పెద్దలు కూడిన నాలుగవ లాటరన్ మహాసభ పెట్టింది, రహస్య వివాహాలను ఆపడానికి. ఎనిమిది వందల ఏళ్లుగా పెళ్లికి ముందు వెలుగు ఉండాలని సంఘానికి తెలుసు. ఆ వెలుగు ఆఖరి మూడు ఆదివారాలకే ఎందుకు, మొదటి పరిచయం నుంచే ఎందుకు ఉండకూడదు?

కాబట్టి నా జవాబు ఇది. ఈ వారంలోనే ఇద్దరికీ చెప్పండి, ఇంకొకరితో కూడా మాట్లాడుతున్నాను అని. విన్నాక ఒకరు తప్పుకుంటే, అది వారి హక్కు, బతిమాలవద్దు. గడువు పెట్టుకోండి. నా లెక్కలో రెండు నెలలు చాలు, మనిషిని చూడాలనుకునేవారికి అంతకంటే అక్కర్లేదు. ఇద్దరికీ ఒకే వాక్యం, ఒకే కల చెప్పకండి. తిమోతికి పౌలు రాసినట్టు యౌవన స్త్రీలను అక్కచెల్లెళ్లుగా చూడండి. మీ చెల్లెలు శనివారం రాత్రి ఫోను దగ్గర కూర్చుని ఉంటే మీరు ఏమి కోరుకుంటారో అదే చేయండి. తేలాక, కాదనే మాట మీరే స్వయంగా చెప్పండి, మీ నాన్నగారి చేత కాదు.

2016లో మా తమ్ముడికి సంబంధాలు చూసినప్పుడు నేను ఇంట్లో ఒక షరతు పెట్టాను. వెళ్లిన ప్రతి ఇంటికీ వారం లోపల ఫోను చేసి అవునో కాదో చెప్పాలి. అమ్మ భయపడింది, కాదని చెబితే వాళ్ల మనసు నొచ్చుకుంటుందని. నాలుగిళ్లకు కాదని నేనే చెప్పాను. ఒంగోలులో ఒక ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మాయి తండ్రి తీశారు. మా నిర్ణయం చెప్పి, క్షమించమన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇప్పటికి తొమ్మిది మంది వచ్చి చూసి వెళ్లారు తల్లీ, కాదని ఫోను చేసినవారు మీరొక్కరే" అని, ఫోను పక్కన పెట్టి కూతుర్ని పిలిచి, "ఇక వీళ్ల కోసం చూడక్కర్లేదమ్మా, ఆ బాపట్ల వాళ్లను రమ్మందాం" అని చెప్పడం నాకు వినిపించింది.