మఠాధిపతి పోతే బడిలో జెండా దించొచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ జిల్లాలో చిన్న పట్టణం. ఈ మధ్య మా దిక్కు బాగా పేరున్న మఠాధిపతి ఒకరు శివైక్యం చెందారు. ఆ రోజు మా జిల్లా పరిషత్ హైస్కూల్లో జాతీయ జెండాను సగం ఎత్తులో ఎగరేశారు. పొద్దుటి అసెంబ్లీలో పిల్లలందరితో స్వామివారి పటానికి హారతి ఇప్పించి, మధ్యాహ్నం బడి వదిలేశారు. టీచర్ల దగ్గర తలా ఇంత చందా వసూలు చేశారు. మున్సిపాలిటీ సంతాప తీర్మానం చేసి, ఫ్లెక్సీల ఖర్చు సాధారణ నిధిలో రాసుకుంది. అడిగితే, ‘పోప్ పోయినప్పుడు కేంద్రమే మూడు రోజులు సంతాపం పాటించలేదా?’ అంటున్నారు. లౌకిక రాజ్యంలో ఇవన్నీ చెల్లుతాయా? నా బిడ్డ అక్కడే ఎనిమిదో తరగతి చదువుతోంది.

జవాబు: మీరు అడిగినవి ఒక్క గాటన కట్టేవి కావు. వీటిలో కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవు.

సంతాప తీర్మానానికి అడ్డేమీ లేదు. ఒక మనిషి పోయినందుకు విచారం వెలిబుచ్చితే అది మత ప్రచారం కాదు, ఆ మనిషి సన్యాసి అయినా, బిషప్ అయినా, ముల్లా అయినా. తీర్మానంలో ఆయన పెట్టిన హాస్టళ్లు, చేసిన అన్నదానం గురించి రాస్తే ఇబ్బంది లేదు. ‘ఆయన మార్గమే మోక్షమార్గం’ అని రాస్తే మాత్రం మున్సిపాలిటీ తనది కాని పనిలో వేలు పెట్టినట్టే.

జెండా సంగతి వేరు. 2002 జెండా కోడ్‌లో ఎవరు పోతే ఎక్కడ సగానికి దించాలో రాసి ఉంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని అయితే దేశమంతటా, గవర్నర్, ముఖ్యమంత్రి అయితే ఆ రాష్ట్రమంతటా. జాబితాలో లేనివాళ్లకు ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి, హెడ్మాస్టరుకు ఆ అధికారం లేదు. ఉత్తర్వు లేకుండా సగానికి దించడాన్ని 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం, సెక్షన్ 2 వివరణలో జెండాకు అగౌరవంగానే లెక్కగట్టింది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. భక్తితో చేసిన పనికి మాస్టారు మీద పోలీసు కేసు పెట్టమని మాత్రం నేను చెప్పను. జిల్లా విద్యాధికారి (డీఈవో) ఒక మెమో ఇచ్చి సంజాయిషీ అడిగితే చాలు.

చాలామందికి పట్టని సంగతి ఇంకొకటి ఉంది. సంతాప దినాల ఉత్తర్వు వచ్చినా అది రోజూ జెండా ఎగిరే భవనాలకే, అంటే కలెక్టరేట్ లాంటి వాటికే వర్తిస్తుంది. ఆగస్టు 15కు, జనవరి 26కు మాత్రమే జెండా కట్టే బడిలో, దించడం కోసమని పెట్టెలోంచి తీసి ఎగరేయాల్సిన పని లేదు. దించేటప్పుడూ వరుస ఉంది: ముందు కొస దాకా ఎక్కించి, ఆ తర్వాత సగానికి తేవాలి. సాయంత్రం విప్పే ముందు మళ్లీ కొస దాకా ఎక్కించాలి. రాష్ట్ర అవతరణ రోజైన జూన్ 2న అయితే, పార్థివదేహం ఉన్న భవనం మీద తప్ప ఎక్కడా దించకూడదు.

ఇక పోప్ ఫ్రాన్సిస్ విషయం. ఆయన 2025 ఏప్రిల్ 21న మరణించారు. 22, 23 తేదీలు, అంత్యక్రియలు జరిగిన 26వ తేదీ, ఇలా మూడు రోజులు కేంద్ర హోంశాఖ సంతాపం ప్రకటించింది. పోప్ ఒక మతానికి పెద్దే కాదు, వాటికన్ అనే రాజ్యానికి అధిపతి కూడా. విదేశీ దేశాధిపతులు పోయినప్పుడు సంతాపం పాటించడం దౌత్య మర్యాద. బ్రిటన్ రాణికి 2022 సెప్టెంబర్ 11న, ఇరాన్ అధ్యక్షుడు రైసీకి 2024 మే 21న ఒక్కో రోజు పాటించారు. వాళ్లకు ఒక రోజైతే ఈయనకు మూడెందుకని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. ఆ మూడు రోజులూ ఆఫీసులకు సెలవు లేదన్నది కూడా గుర్తుంచుకోండి. రాజ్యాధిపతులు కాని మత గురువులకూ రాష్ట్రాలు ఇలా చేశాయి. సిద్ధగంగ మఠం శివకుమార స్వామి 2019 జనవరిలో పోతే కర్ణాటక మూడు రోజులు సంతాపం ప్రకటించింది. రాజ్యాంగంలో దీన్ని నిషేధించే మాట లేదు. కోర్టులు కూడా ఇలాంటివాటిని ప్రభుత్వ విధానంగానే చూసి తప్పుకుంటాయి. అయోధ్య రామమందిర ప్రాణప్రతిష్ఠ కోసం 2024 జనవరి 22న మహారాష్ట్ర ఇచ్చిన సెలవు మీద న్యాయ విద్యార్థులు వేసిన వ్యాజ్యాన్ని బాంబే హైకోర్టు కొట్టేసింది. నా మటుకు, రాజ్యం తరఫున సంతాపం ప్రకటించాలంటే ఆ మనిషి ప్రజలకు చేసిందేమిటన్నదే చూడాలి. శిష్యుల సంఖ్యను బట్టి ప్రకటించడం మొదలుపెడితే రేపు ఏ మఠానికీ, ఏ దర్గాకూ కాదనలేం.

మీ ఊళ్లో అసలు తప్పు హారతి దగ్గర జరిగింది. రెండు నిమిషాలు మౌనం పాటించారంటే సరే. పటానికి దండ వేసినా పోనీలే అనుకోవచ్చు. హారతి మాత్రం పూజే. సర్కారు గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా మైనర్ పిల్లలను పూజలో పాల్గొనమనాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. మీ బిడ్డ ఊరికే నిలబడినా తప్పు పట్టే వీల్లేదు. జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డ కేరళ పిల్లలను బడి నుంచి తీసేయడమే చెల్లదని 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఫ్లెక్సీల ఖర్చు మీద, ఒక మతాన్ని పోషించడానికి పన్ను కట్టించకూడదనే 27వ అధికరణం కింద కోర్టుకెక్కితే ఫలితం ఉండకపోవచ్చు. పన్ను సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం ఒక మతానికి పోతేనే ఆ అధికరణం అడ్డొస్తుందని 2011లో హజ్ సబ్సిడీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడిట్ అభ్యంతరం దీనికంటే బాగా పనిచేస్తుంది. ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీకైతే రుసుము పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అతికించినా సరిపోతుంది. తీర్మానం నకలు, ఫ్లెక్సీల బిల్లు, ఏ పద్దు కింద చెల్లించారన్నది, ఈ మూడే అడగండి. ‘ఎందుకు చేశారు?’ అని అడిగారా, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. కాగితాలు చేతికొచ్చాక సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో స్థానిక సంస్థల అదనపు కలెక్టరుకు ఇచ్చి, రసీదు తీసుకోండి.

బడి మీద ఫిర్యాదు మండల విద్యాధికారి (ఎంఈవో) ద్వారా డీఈవోకు పంపండి. అందులో పూజ, జెండా, ఉత్తర్వు లేని సెలవు, ఒక్కోదానికి ఒక్కో పేరా రాయండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది కాబట్టి, పోయిన పూటను ఎప్పుడు భర్తీ చేస్తారో కూడా అడగండి. చందా మాట టీచర్లే ఎత్తాలి. 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగులు చందాలు వసూలు చేయకూడదు. వాళ్లు నోరు విప్పకుండా మీరొక్కరే రాస్తే, ‘అందరూ ఇష్టపడే ఇచ్చారు’ అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తారు.