నీ మనసు మాట డాక్టరు ముందు పెట్టు

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు వెనకాల మీ అత్తగారి గొంతు వినపడి ఎక్కువ మాట్లాడలేదు. "పెద్దమ్మా, అందరూ ఒకటి చెబుతున్నారు, నా మనసు ఇంకోటి చెబుతోంది, దేన్ని నమ్మాలి?" అన్నావు. నీ మనసునే నమ్ము, కానీ దానికి తెలిసిన విషయాల్లో నమ్ము. దానికి తెలియని విషయాల్లో అది చెప్పే మాటని ప్రశ్నగా మార్చి డాక్టరు ముందు పెట్టు. ఇది ఎలా చెయ్యాలో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే రొమ్ము క్యాన్సర్‌తో నేను ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నప్పుడు నాకెవరూ ఇలా విడమరిచి చెప్పలేదు.

బీఈడీ పిల్లలకి సైకాలజీ చెప్పినదాన్ని కదా, ముందు ఒక్క పాఠం విను. డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ అని ఇద్దరు సైకాలజిస్టులు. లోపలి మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుందని కానమన్ వాదన, అనుభవం ఉన్నవాళ్ళకి అదే దారి చూపిస్తుందని క్లైన్ వాదన. చివరికి ఇద్దరూ కూర్చుని 2009లో కలిసి ఒక పేపరు రాశారు. ఒకే తరహా పరిస్థితి మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ, మన అంచనా తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉన్నచోటే ఆ లోపలి మాటని నమ్మొచ్చని అందులో తేల్చారు. మన వైజాగ్ పెదజాలారిపేటలో తెల్లవారుజామున గాలి చూసి ఈరోజు చేపల వేటకి వద్దు అనే పెద్దాయన మాట అందుకే వింటారు, ఆయన ఆ గాలిని జీవితమంతా చూశాడు, అంచనా తప్పితే ఏమవుతుందో కూడా చూశాడు. నీ ఒంట్లో క్యాన్సర్‌ని నువ్వు చూడటం ఇదే మొదలు. కాబట్టి "కీమో నాకు పడదనిపిస్తోంది" అని నీ మనసు అంటే అది భయమమ్మా, దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకు. అదే "ఈ డాక్టరు నా మాట వినడం లేదు" అని నీ మనసు అంటే దానికి విలువ ఉంది, ఎందుకంటే ఎదుటి మనిషి వింటున్నారో లేదో కనిపెట్టడం నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే.

నా సంగతే చెప్తాను. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో, పేరు ఎందుకులే, డాక్టరు గారు మామోగ్రాం ఫిల్ము లైటుకి పెట్టి చూసి, నా వైపు తల తిప్పకుండానే, గురువారం అడ్మిట్ అయిపోండి తీసేద్దాం అన్నారు. మీ పెదనాన్న అప్పటికే డబ్బు కట్టే కౌంటర్ ఎక్కడని అడుగుతున్నారు. నాకేమో ఏదో తేడాగా ఉందనిపించింది, కానీ ఏమిటో చెప్పలేను. బయట బెంచీ మీద కూర్చుని కాసేపు ఆలోచిస్తే అప్పుడు తట్టింది, సూదితో ముక్క తీసి పరీక్ష చెయ్యకుండానే ఆపరేషన్ ఏమిటి అని. మళ్ళీ లోపలికి వెళ్ళి అదే అడిగాను. విసుక్కున్నారు. ఇంక అక్కడ ఉండలేదు, ఇంకో చోటికి వెళ్ళాను, కోర్ బయాప్సీ అని ఆ సూది పరీక్షే చేశారు, గడ్డ ఏ రకమో తెలిశాక ముందు కీమో ఇచ్చి గడ్డని తగ్గించి ఆ తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు, మొత్తం వరసే మారిపోయింది. చూశావా, నా మనసు నాకు వైద్యం చెప్పలేదు, ఎక్కడో ఒక మెట్టు తప్పిపోయిందని మాత్రం చెప్పింది. ఆ మెట్టు ఏదో నేను వెతుక్కుని అడగాల్సి వచ్చింది. నీకూ అంతే, "ఏదో తేడాగా ఉంది" దగ్గర ఆగిపోకు, ఆ తేడా ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకునేదాకా కూర్చో.

ఇప్పుడు నీ రిపోర్టు సంగతి. నువ్వు వాట్సాప్‌లో పంపింది కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అని ఉంది, అంటే ఆడ హార్మోన్లు నీ గడ్డని పెంచుతాయని, హెర్‌టూ అనే ప్రోటీన్ దగ్గర మాత్రం 2 ప్లస్ అని రాశారు. 2 ప్లస్ అంటే అవుననీ కాదు, కాదనీ కాదు, అది తేల్చడానికి ఫిష్ అని ఇంకో పరీక్ష ఉంటుంది, అదే ముక్క మీద చేస్తారు. అది పాజిటివ్ వస్తే హెర్‌టూ మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు లెక్కలోకి వస్తాయి, రాకపోతే అవసరం లేదు. ఇలాంటిచోట నీ మనసుని ఏమీ అడగకు, దానికి తెలిసే దారే లేదు. "ఫిష్ చేయించారా, ఎప్పుడు వస్తుంది, అది రాకుండా ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నారా" అని డాక్టరుని అడుగు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందని మీ ఆడపడుచు అన్నదట కదా, బయాప్సీ వల్ల జబ్బు ముదిరిపోదు, ఆ మాట చెవిన పెట్టుకోకు.

రెండో డాక్టరుకి చూపిస్తే మొదటాయన ఏమనుకుంటారో అని మొహమాటపడుతున్నావు. ఏమీ అనుకోరు, మంచి డాక్టరయితే వాళ్ళే వెళ్ళి చూపించుకోండి అంటారు. ఎవరైనా చిరాకుపడితే అది కూడా నీకు తెలియాల్సిన సంగతే. కాగితాలు మాత్రమే పట్టుకెళ్తే చాలదు, బయాప్సీ చేసిన ల్యాబులో స్లైడులు, పారాఫిన్ బ్లాకులు ఇమ్మని అడుగు. బ్లాకు అంటే మైనంలో బిగించిన నీ కండ ముక్కే, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో వేసి సంతకం పెట్టించుకుని ఇస్తారు, మన వైజాగ్ ఎండలో దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టేసి ఊరంతా తిరగకు, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో. నువ్వు గాజువాకలో ఉన్నావు కాబట్టి అగనంపూడి నీకు దగ్గర, అక్కడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ముంబై టాటా మెమోరియల్ వాళ్ళదే. అంతదూరం కూడా కదల్లేకపోతే నవ్య అని ఆన్‌లైన్ సర్వీసు ఉంది, రిపోర్టులన్నీ ఎక్కిస్తే టాటా మెమోరియల్ డాక్టర్లు చూసి అభిప్రాయం రాసి పంపిస్తారు. ఎక్కడికి వెళ్ళినా ఒక మాట అడుగు, "నా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా?" అని. ఆపరేషన్ చేసేవాళ్ళు, కీమో ఇచ్చేవాళ్ళు, రేడియేషన్ వాళ్ళు, ముక్క పరీక్ష చేసే పాథాలజీ వాళ్ళు ఒకేచోట కూర్చుని నీ గురించి మాట్లాడుకోవడమే అది.

టైమ్ ఉందా అంటావేమో. నీలాంటి రొమ్ము క్యాన్సర్‌లో ఆలోచించుకోవడానికి ఒకటి రెండు వారాలు తీసుకుంటే కొంప మునగదు. నెలలు అయితే మునుగుతుంది. (కొన్ని బ్లడ్ క్యాన్సర్లలో అలా కాదు, అక్కడ రోజులే ఎక్కువ, కాబట్టి ఈ మాట అందరికీ చెప్పకు.)

ఇక అసలు గొడవ, పూర్తిగా తీయించుకోవాలా, గడ్డ వరకే తీయించుకుని రొమ్ము ఉంచుకోవాలా అన్నది. మీ అత్తగారు మొత్తం తీయించేస్తే పీడా పోతుంది అంటున్నారు, నీకేమో ఉంచుకోవాలని ఉంది, కానీ ఆ మాట పైకి అంటే ప్రాణం కంటే అందం ఎక్కువా అంటారేమోనని నోరు విప్పడం లేదు. అదీ నీ ఇబ్బంది, నాకు తెలుసు. ఇక్కడ సైన్సు ఏం చెబుతోందో ముందు విను. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి అని ఇద్దరు సర్జన్లు, చిన్న గడ్డలున్న ఆడవాళ్ళలో కొందరికి రొమ్ము మొత్తం తీసి, కొందరికి గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చి, 20 ఏళ్ళు వెంటపడి చూశారు. 2002లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. ప్రాణానికి సంబంధించినంతవరకు రెండు గుంపుల మధ్యా తేడా లేదు. ఉంచుకుంటే అదే చోట మళ్ళీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకే రేడియేషన్ ఎగ్గొట్టడానికి వీల్లేదు, ఇప్పుడు చాలామందికి అది వారానికి అయిదు రోజుల చొప్పున మూడు వారాల్లో అయిపోతోంది, తర్వాత ఏటా మామోగ్రాం ఉంటుంది. గడ్డలు రెండు మూడు చోట్ల ఉన్నా, రొమ్ముతో పోలిస్తే గడ్డ మరీ పెద్దదైనా డాక్టరే ఉంచడం కుదరదనొచ్చు. అలాంటిదేమీ లేదు, రెండూ కుదురుతాయి అని డాక్టరు అన్నారంటే, అప్పుడు, అప్పుడు మాత్రమే, నీ మనసుకి పూర్తి ఓటు. దానిమీద మీ అత్తగారికి ఓటు లేదు, మీ ఆయనకి లేదు, నాకూ లేదు. ఉంచుకోవాలని ఉంది అని డాక్టరుతో గట్టిగా చెప్పు. ఆ గదిలో సిగ్గుపడాల్సిన మాట ఏదీ ఉండదు.

కానీ దానికి ముందు ఒక్క పని. మా అమ్మకి, అంటే మీ అమ్మమ్మకి, అండాశయంలో వచ్చింది, నాకు రొమ్ములో వచ్చింది, ఇప్పుడు ముప్పై ఆరేళ్ళకే నీకు. ఈ వరస డాక్టరుకి చెప్పావా? చెప్పకపోతే ఈసారి వెళ్ళగానే మొదటి మాట అదే చెప్పు. బీఆర్‌సీఏ అనే జన్యువుల పరీక్ష రాస్తారు, రక్తం ఇస్తే చాలు, జవాబు రావడానికే వారాలు పడుతుంది. అందులో తేడా ఉందని తేలితే రెండో రొమ్ము గురించి, అండాశయాల గురించి కూడా మాట్లాడాల్సి ఉంటుంది, నీ లెక్క మొత్తం మారొచ్చు. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో రెండు రొమ్ములూ తీయించుకున్నది ఆ జన్యువులో తేడా ఉండబట్టే, అప్పటికి ఆమెకి క్యాన్సర్ లేదు. ఆమె చేసిందని నువ్వూ చెయ్యక్కర్లేదు, నీ పరీక్ష చూసుకోకుండా వద్దనుకోనూ అక్కర్లేదు.

భయమేదో మనసు మాటేదో ఎలా తెలుస్తుంది అంటే, నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకునేదాన్ని. రాత్రి రెండింటికి నిద్రపట్టక వచ్చిన మాట రాసుకునేదాన్ని, పొద్దున్న కాఫీ తాగాక అదే మాట మళ్ళీ చదివేదాన్ని. రాత్రి "పారిపో, ఎవరికీ చెప్పకుండా ఊరెళ్ళిపో" అన్నది పొద్దున్నకి ఉండేది కాదు. రాత్రీ పగలూ మారకుండా నిలబడిన మాటలు కొన్ని ఉండేవి, వాటిని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేదాన్ని. కీమో వద్దనిపించడం నాకు రోజుల తరబడి నిలబడింది. అప్పుడు కూడా వద్దు అనలేదు, "తీసుకుంటే నాకు ఎంత మేలు, తీసుకోకపోతే ఎంత నష్టం, కాగితం మీద రాసి చూపించండి" అన్నాను. ఆయన స్కాన్ కవరు వెనకాల రెండు అంకెలు రాశారు. అవి చూశాక భయం పోలేదు గానీ సందేహం పోయింది. నీకు ఆపరేషన్ తర్వాత కీమో మాట వస్తే, కేంబ్రిడ్జ్ వాళ్ళు చేసిన ప్రెడిక్ట్ అనే టూల్‌లో చూసి చెప్పమను, గడ్డ సైజు, గ్రేడు, చంకలో ఎన్ని లింఫ్ గ్రంథులకి పాకింది లాంటివి కొడితే వందమందిలో ఎంతమందికి ఏ మందు అదనంగా పనికొస్తుందో చూపిస్తుంది.

క్యాన్సర్‌కి వాడమని మీ ఆఫీసు వాళ్ళు చెప్పిన పొడి గురించి ఎక్కువ రాయను. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు, నయం చెయ్యదగ్గ దశలో ఉన్నా ఆసుపత్రి వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే నమ్ముకున్నవాళ్ళని చూస్తే, చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు తేలింది, రొమ్ము క్యాన్సర్‌లో అయితే అయిదు రెట్ల పైమాటే. "నాకెందుకో దీనిమీద నమ్మకం కలుగుతోంది" అన్నావు. అది కీమో తప్పించుకునే దారి అనిపించి కలిగిన నమ్మకం తల్లీ. నీ మీద ఉన్న ప్రేమతోనే ఈ మాట కటువుగా చెబుతున్నాను, ఆ డబ్బా కొనకు. కొనేసి ఉంటే డాక్టరుకి చూపించకుండా ఒక్క చెంచా కూడా వేసుకోకు.

ట్రీట్‌మెంట్ మొదలయ్యాక మాత్రం నీ ఒళ్ళు చెప్పే మాటకి నువ్వే పెద్ద డాక్టరువి. కీమో రోజుల్లో ఒళ్ళు కాస్త వెచ్చగా, వణుకుగా, ఎందుకో బాగోలేదు అనిపించిందంటే వెంటనే థర్మామీటర్ పెట్టు. 100.4 ఫారెన్‌హీట్‌కి చేరినా, దాటినా రాత్రి ఎన్ని గంటలైనా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరు, తెల్లకణాలు పడిపోయినప్పుడు జ్వరం అంటే ఎమర్జెన్సీ. డోలో వేసుకుని పడుకుంటే జ్వరం కనపడకుండా పోతుంది, ఇన్ఫెక్షన్ లోపల అలాగే ఉంటుంది. పొద్దున్నదాకా చూద్దాం, ఇంట్లోవాళ్ళని ఎందుకు లేపడం అని మన ఆడవాళ్ళం అనుకుంటాం చూడు, అది మాత్రం ఈ కొన్ని నెలలు మానెయ్. వేళ్ళు తిమ్మిర్లెక్కి జాకెట్ హుక్కు పెట్టుకోలేకపోతుంటే అది కూడా ఓర్చుకోకు. పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులతో నరాలు దెబ్బతింటాయి, చెబితే డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. చెప్పకపోతే వాళ్ళకి తెలియదు.

డబ్బు సంగతి, ఆరోగ్యశ్రీ కార్డుకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఒక మనిషి కూర్చుంటారు, ఏది కవరవుతుందో ఏది అవదో అడ్మిషన్‌కి ముందే అడిగి రాయించుకో. ఫిష్, బీఆర్‌సీఏ పరీక్షల గురించి విడిగా అడుగు.

శుక్రవారం అపాయింట్‌మెంట్‌కి నేనూ వస్తాను, కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర నిలబడతాను, అక్కడ ఎక్కించుకోండి. ఒరిజినల్స్ ఒక ఫైలులో, రెండు సెట్లు జిరాక్స్ ఇంకో ఫైలులో పెట్టుకో. నీ ప్రశ్నలు కాగితం మీద రాసుకునిరా, డాక్టరు చెప్పేవి నేను రాసుకుంటాను. లోపల మాట్లాడేది మాత్రం నువ్వే. మీ ఆయన్ని ఒక్కరోజు సెలవు పెట్టి రమ్మను, అత్తగారిని ఇంటి దగ్గర పిల్లలతో ఉండమను, నేను చెప్పానని చెప్పు.

పెద్దమ్మ